గదులా, వేరు ఇండ్లా?

ఇల్లు కట్టదలచినవారు మేస్త్రీని పిలుచుటకు ముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను. నలుగురు అన్నదమ్ములును ఒకే కప్పు క్రింద గదులు వేరుచేసికొని ఉండుటయా, లేక నాలుగు ఇండ్లు విడివిడిగా కట్టుకొనుటయా? ఒకే కప్పు అయినచో ఒక బావి, ఒక వంటిల్లు, ఒక వాకిలి చాలును. కాని ఒకరి గది మరమ్మతునకు వచ్చినపుడు అందరికిని దుమ్ము తప్పదు. వేరు ఇండ్లు అయినచో ఎవరి మరమ్మతు వారిదే. కాని బావులు నాలుగు త్రవ్వవలెను. ఒకరితో ఒకరు చెప్పుకొను ప్రతి మాటయు వీధి దాటి పోవలెను. ఏది మంచిదని అడిగినచో, అన్నదమ్ములు ఎందరు, స్థలమెంత, వారి పొత్తు ఎట్టిది అని తిరిగి అడుగక తప్పదు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. ఒక పెద్ద పనిని చేయు ప్రోగ్రామును ఒకే కట్టడముగా ఉంచవలెనా, చిన్నచిన్న ప్రోగ్రాములుగా విడదీసి వేరువేరు యంత్రములపై నడపవలెనా? మొదటి రీతికి మోనోలిత్ అని, రెండవ రీతికి మైక్రోసర్వీసులు అని పేరు. మోనోలిత్ అనగా ఏకశిల, మైక్రోసర్వీసులనగా సూక్ష్మసేవలు. ఓరుగల్లునకు ఏకశిలానగరమను పేరు కలదని వినిన విద్యార్థికి మొదటి మాట క్రొత్త కాదు.

ఈ రెండు రీతుల పోలిక సాధారణముగా ఒక పట్టికగా కనబడును. ఎడమప్రక్క ఏకశిల, దాని దోషములు. కుడిప్రక్క సూక్ష్మసేవలు, వాని గుణములు. ఈ పట్టికను కంఠస్థము చేసిన విద్యార్థికి మార్కులు రావచ్చును. కాని రేపు ఆ విద్యార్థియే ఒక ఆసుపత్రికో, బ్యాంకునకో, పరీక్షల శాఖకో ప్రోగ్రాము కట్టవలసి వచ్చినపుడు పట్టికలో కుడిప్రక్కనున్నదానినే ఎన్నుకొనును. తగని చోట ఎన్నుకొన్నచో నష్టపడువారు పట్టిక వ్రాసినవారు కారు. వరుసలో నిలబడిన రోగియు, ఫలితమునకై ఎదురుచూచు పిల్లవాడును. కనుక ఈ పోలికకు మూలమైన రచనలను కొంచెము నిదానముగా పరిశీలించుట అవసరము.

అట్టి రచనలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి 1972లో డేవిడ్ పార్నాస్ వ్రాసినది. రెండవది 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ కలసి వ్రాసినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఒక సంగతి తేటపడును. విభజించుట వలన కలుగు మేలు వేరు. విడదీసి దూరముగా ఉంచుట వలన కలుగు మేలు వేరు. పట్టిక ఈ రెండింటిని కలిపివేసి, మొదటిదాని కీర్తిని రెండవదానికి కట్టబెట్టుచున్నది.

రీతులు, వాని పేర్లు

ఒక గ్రంథాలయమునకు ప్రోగ్రాము కావలెననుకొనుడు. దాని పనులు నాలుగు: పుస్తకముల పట్టికను ఉంచుట, సభ్యుల చిట్టా వ్రాయుట, పుస్తకములను ఇచ్చి పుచ్చుకొనుట, ఆలస్యమునకు జరిమానా లెక్కించుట.

ఈ నాలుగు పనులను ఒకే ప్రోగ్రాము చేసి, సమాచారమునంతను ఒకే డేటాబేసులో దాచినచో అది ఏకశిల. ఆ ప్రోగ్రాములోనే తెరపై కనబడు భాగము పైన, నియమములు నడుమ, సమాచారమును దాచు భాగము అడుగున ఉండునట్లు వ్రాసినచో దానిని అంతస్తుల రీతి అందురు. పై అంతస్తు తన క్రింది అంతస్తుతోనే మాటలాడవలెననునది దాని నియమము.

నాలుగు పనులకును నాలుగు గదులు కట్టి, ఒక గదిలోని వస్తువును ఇంకొక గదివారు తలుపు తట్టి అడిగి పుచ్చుకొనవలెనే గాని గోడకు కన్నము వేసి తీసికొనరాదని నియమము పెట్టినచో అది గదులు గల ఏకశిల. ఇంగ్లీషున దీనిని మాడ్యులర్ మోనోలిత్ అందురు. నడచునది ఒకే ప్రోగ్రాము. లోపల మాత్రము హద్దులు ఉన్నవి.

నాలుగు పనులకును నాలుగు వేరు ప్రోగ్రాములు వ్రాసి, ప్రతిదానికిని సొంత డేటాబేసు ఇచ్చి, అవి నెట్‌వర్కు ద్వారా సందేశములు పంపుకొనునట్లు చేసినచో అవి సూక్ష్మసేవలు. జరిమానా ప్రోగ్రామును మార్చి తిరిగి ప్రవేశపెట్టదలచినచో తక్కిన మూడింటిని ఆపనక్కరలేదు. ఈ రీతియొక్క ముఖ్యగుణము ఇదియే.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ పేర్లన్నియు ఒకే కొలబద్దపై గుర్తులు కావు. అంతస్తులు, గదులు అనునవి ప్రోగ్రాము రచన ఎట్లు విభజింపబడినదో చెప్పును. ఏకశిల, సూక్ష్మసేవలు అనునవి నడచుచున్న ప్రోగ్రాము ఎన్ని ముక్కలుగా నడచుచున్నదో చెప్పును. పొడవును బరువుతో పోల్చి ఏది పెద్దదని అడుగుట ఎట్టిదో, గదులు లేని ఏకశిలను చక్కని గదులు గల సూక్ష్మసేవలతో పోల్చి తీర్పు చెప్పుటయు అట్టిదే.

పార్నాస్ వ్యాసము

పార్నాస్ వ్యాసము అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ వారి మాసపత్రికలో 1972 డిసెంబరున వెలువడినది. వ్యవస్థలను మాడ్యూళ్లుగా విభజించుటకు ఏ ప్రమాణమును వాడవలెననునది దాని విషయము. వ్యాసము చిన్నది, ఉదాహరణ ఇంకను చిన్నది.

పుస్తకముల పేర్ల జాబితాకు అకారాది సూచిక తయారు చేయుట ఆ ఉదాహరణ. ప్రతి పేరులోని మొదటి మాటను చివరకు త్రిప్పుచు పోవలెను. "చెట్లు ఆహారము చేయు విధము" అను పేరు "ఆహారము చేయు విధము చెట్లు" అనియు, "చేయు విధము చెట్లు ఆహారము" అనియు, "విధము చెట్లు ఆహారము చేయు" అనియు మారును. అన్ని పేర్లను ఇట్లు త్రిప్పి, వచ్చిన వరుసలన్నింటిని అక్షరక్రమమున పేర్చినచో, ఏ మాట గుర్తున్నను పుస్తకము దొరకును.

ఈ ప్రోగ్రామును పార్నాస్ రెండు విధములుగా విభజించి చూపిరి. మొదటి విధము పని జరుగు వరుసను అనుసరించినది: చదువుట, త్రిప్పుట, పేర్చుట, అచ్చువేయుట. ఎవరికైనను ముందుగా తోచునది ఇదియే. రెండవ విధములో ఆయన వేరొక ప్రశ్న వేసిరి: ఈ ప్రోగ్రాములో రేపు మారగల నిర్ణయములు ఏవి? అట్టి ప్రతి నిర్ణయమును ఒక మాడ్యూలులో దాచిరి. అక్షరములు యంత్రపు స్మృతిలో ఎట్లు కుదించి దాచబడినవో ఒక్క మాడ్యూలునకు మాత్రమే తెలియును. తక్కినవి దానిని అడిగి తెలిసికొనవలసినదే.

రెండును పనిచేయును. భేదము మార్పు వచ్చినపుడు బయటపడును. అక్షరములను దాచు పద్ధతి మారినచో మొదటి విభజనలో ప్రతి మాడ్యూలును తిరిగి వ్రాయవలసి వచ్చును. రెండవదానిలో ఒక్కదానిని మార్చిన చాలును. మాడ్యూళ్ల లెక్క రెండింట ఇంచుమించు సమానమే. గీతలు ఎన్ని గీసితిమనునది కాదు, ఎచట గీసితిమనునదే ముఖ్యమని ఈ ఉదాహరణ నిరూపించుచున్నది.

ఈ వ్యాసమునకు లోపములు లేకపోలేదు. మంచి ప్రోగ్రామరు ఒకటి రెండు వారములలో వ్రాయగల పని అని పార్నాస్ స్వయముగా ఒప్పుకొనిరి. అంత చిన్న ఉదాహరణనుండి వందలమంది కలసి వ్రాయు ప్రోగ్రామునకు సూత్రము తీయుట సాహసమే. ఒక భాగము పనిచేయుచుండగా ఇంకొక భాగము చెడిపోవుటను గూర్చి ఆయన విచారింపలేదు. ఒకే యంత్రముపై నడచు ప్రోగ్రాములో ఆ ప్రశ్న అంతగా రాదు.

కాని ఈ వ్యాసములో చాలమంది దాటిపోవు ఒక భాగము కలదు. రెండవ విభజనలో ఒక మాడ్యూలు ఇంకొకదానిని మాటిమాటికి పిలువవలసి యుండును. ప్రతి పిలుపునకును కొంత కాలము పట్టును గనుక ప్రోగ్రాము మందగించును. దీనికి పార్నాస్ సూచించిన మందు గమనింపదగినది. వ్రాయునపుడు హద్దులను ఉంచవలెను. యంత్రము నడపు రూపములో ఆ హద్దులు కనబడనక్కరలేదు. మాడ్యూలనగా ఆయన దృష్టిలో నడచు ముక్క కాదు. ఒకరికి అప్పగించిన బాధ్యత. రచనలోని విభజన వేరు, నడకలోని విభజన వేరు అని అంత ముందుగా గుర్తించుటయే ఈ వ్యాసమునకు గల గొప్ప విలువ.

లూయిస్, ఫౌలరుల వ్యాసము

ఇక రెండవ వ్యాసము 2014 మార్చిలో వెలువడినది. సూక్ష్మసేవలను గూర్చి చెప్పువారందరును తిరిగి తిరిగి చూచునది ఇదియే. ఆ పేరు 2011 మే నెలలో వెనిస్ నగరసమీపమున జరిగిన ఒక సమావేశములో చర్చకు వచ్చినదనియు, 2012లో స్థిరపడినదనియు రచయితలు తెలిపిరి. ఈ రీతికి తొమ్మిది లక్షణములను పేర్కొనిరి. భాగములను సేవలుగా ఉంచుట, వ్యాపారపు పనులను బట్టి జట్లను ఏర్పరచుట, కట్టినవారే ప్రోగ్రామును జీవితాంతము చూచుకొనుట, తెలివిని సేవలలో ఉంచి దారులను సాదాగా వదలుట, అధికారమును వికేంద్రీకరించుట, సమాచారమును వికేంద్రీకరించుట, పరీక్షించి ప్రవేశపెట్టు పనిని యంత్రములకే అప్పగించుట, చెడిపోవుట తప్పదని తలచి కట్టుట, క్రమక్రమముగా మార్చుకొనుచు పోవుట అనునవి ఆ తొమ్మిది.

వ్యాసము నిజాయితీతో వ్రాసినది. రచయితలు తాము చూచిన పనులనుండి లక్షణములను గ్రహించిరి, ఊహించి చెప్పలేదు. నెట్‌వర్కు ద్వారా పిలుచుట ఖరీదైనదనియు, ఒక సేవలోని బాధ్యతను ఇంకొక సేవకు మార్చుట కష్టమనియు హెచ్చరించిరి. తీర్పు చెప్పుటకు ఇంకను కాలము చాలలేదని చివర ఒప్పుకొనిరి. ముందుగా ఏకశిలతో ఆరంభించి, హద్దులను చక్కగా ఉంచుకొని, అది భారమైనపుడు విడదీయవచ్చునను వాదమును కూడ వారు ప్రస్తావించిరి. ఫౌలర్ 2015లో ఈ సలహానే విడిగా ఇంకొక వ్యాసముగా వ్రాసిరి. అంతకు చాల ముందు, 2002లో వచ్చిన గ్రంథములో, వస్తువులను వేరువేరు యంత్రములపై పంచకుండుటయే పంపకమునకు మొదటి సూత్రమని చెప్పినదియు ఆయనయే. కనుక ఆయనను సూక్ష్మసేవల ప్రచారకునిగా మాత్రమే చూపుట సరికాదు.

అయినను వ్యాసములో రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, పోలిక సమానుల మధ్య జరుగలేదు. ఎదుట నిలిపిన ఏకశిల చాలవరకు హద్దులు చెరిగిపోయిన ఏకశిల. ప్రక్కన నిలిపిన సూక్ష్మసేవలు సమర్థులైన జట్లు కట్టినవి. గోడలు గట్టిగా ఉన్నచో కన్నములు వేయుట కష్టమనుట నిజమే. కాని గోడ తప్పు చోట కట్టినచో అది ఎంత గట్టిదైన అంత కష్టము. రెండవది, తొమ్మిది లక్షణములలో కనీసము మూడు ప్రోగ్రామునకు సంబంధించినవి కావు, మనుష్యులకు సంబంధించినవి. జట్లను ఎట్లు ఏర్పరచవలెను, ఎవరు బాధ్యత వహింపవలెను, ఎవరికి అధికారము ఉండవలెను అనునవి ఏకశిలను కట్టువారును పాటింపవచ్చును. తొమ్మిదింటిని ఒకే వరుసలో పేర్చుట వలన, చదువరి పైకి కనబడు రూపమును అనుకరించి మనుష్యుల ఏర్పాటును మరచుటకు వీలు కలిగినది. హెచ్చరికలు వ్యాసములో చెల్లాచెదరుగా ఉండగా లక్షణములు శీర్షికలుగా ఉన్నవి. పట్టికలు తయారు చేసినవారు శీర్షికలను మాత్రమే తీసికొనిరి.

వీధి దాటుటకు ఖరీదు

పార్నాస్ తన కాలమున పిలుపునకు పట్టు కాలమును గూర్చి చింతించిరి. ఆ పిలుపు ఒకే యంత్రములోనిది. నేటి యంత్రములో ఒకే ప్రోగ్రాము లోపల ఒక భాగము ఇంకొకదానిని పిలుచుటకు కొన్ని నానోసెకండ్లు చాలును. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ వంతు. ఒకే డేటా సెంటరులో ఒక యంత్రమునుండి ఇంకొకదానికి సందేశము పోయి జవాబు వచ్చుటకు స్థూలముగా అర మిల్లీసెకండు, అనగా 5 లక్షల నానోసెకండ్లు పట్టును. పిలుపునకు 10 నానోసెకండ్లు అనుకొన్నను, వీధి దాటిన మాటకు గదిలోని మాటకంటె 50 వేల రెట్లు కాలము. ఒక పేజీని తయారు చేయుటకు ఒకదాని తరువాత ఒకటిగా 40 పిలుపులు కావలసినచో గదులలో 400 నానోసెకండ్లు, వేరు ఇండ్లలో 20 మిల్లీసెకండ్లు. ఇరువది మిల్లీసెకండ్లు మనుష్యునికి తెలియకపోవచ్చును. కాని లక్షలమంది ఒకేసారి అడిగినపుడు యంత్రముల అద్దెలో అది తప్పక తెలియును.

రెండవ ఖరీదు సంభావ్యతా గణితమునకు చెందినది. ఒక సేవ నూటికి 99.9 వంతుల కాలము సరిగా పనిచేయుననుకొనుడు. ముప్పది దినముల నెలలో అది ఆగియుండు కాలము సుమారు 43 నిమిషములు. ఒక పని జరుగుటకు అట్టి 30 సేవలు కావలెను, ఏ ఒక్కటి ఆగినను పని ఆగును, ఒకదాని చెడుగునకు ఇంకొకదానితో సంబంధము లేదు అనుకొన్నచో, 0.999ను 30 మారులు గుణింపవలెను. ఫలము సుమారు 0.970. నెలకు 43 నిమిషములు ఆగుటకు మారుగా సుమారు 21 గంటలు ఆగును. ఇది పదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క. నిజమునకు ప్రతి పనికిని అన్ని సేవలు అక్కరలేదు. ఒక్కొక్క సేవకు రెండు మూడు నకళ్లు నడపవచ్చును. ఒకటి జవాబీయనపుడు పాత జవాబుతో సరిపెట్టవచ్చును. కాని ఈ జాగ్రత్తలన్నియు కట్టవలసినవి. సూక్ష్మసేవలు వానంతట అవియే నమ్మకమును పెంచవు. పెంచుటకు అవకాశమును, అందులకు పనిని ఇచ్చును.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. గ్రంథాలయములో ఒక పుస్తకము ఇచ్చునపుడు పట్టికలో పుస్తకము బయటికి పోయినదని వ్రాయవలెను, సభ్యుని ఖాతాలో చేర్చవలెను. ఒకే డేటాబేసులో ఈ రెండును జరుగును, లేదా రెండును జరుగవు. ఆ హామీని డేటాబేసే ఇచ్చును. రెండు సేవలుగా విడదీసినపుడు ఒకటి వ్రాసి రెండవది వ్రాయకముందే నెట్‌వర్కు తెగవచ్చును. జవాబు రాలేదనగా పని జరుగలేదని అర్థము కాదు. పని జరిగి జవాబు మాత్రము దారిలో పోయియుండవచ్చును. టిక్కెట్టునకు డబ్బు కట్టినపుడు ఖాతాలో సొమ్ము తగ్గి, టిక్కెట్టు రాక, కొన్ని దినములకు సొమ్ము తిరిగి జమయగుటను ఎరుగనివారు అరుదు. జరిగిన సగమును వెనుకకు త్రిప్పు ఇట్టి పద్ధతికి సాగా అని పేరు పెట్టి 1987లోనే హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సాలెం వివరించిరి. పద్ధతి ఉన్నది, కాని దానిని ప్రతి చోటను ఎవరో ఒకరు వ్రాసి పరీక్షింపవలెను.

మూడు అనుభవములు

సిద్ధాంతమును అనుభవముతో సరిచూచుట శాస్త్రధర్మము. మూడు సంస్థలు తమ అనుభవములను తామే ప్రకటించినవి.

నెట్‌ఫ్లిక్స్ సంస్థ డేటాబేసు 2008 ఆగస్టులో చెడిపోగా మూడు దినములు డీవీడీలను సభ్యులకు పంపలేకపోయినది. ఒక్కచోట చెడినచో అంతయు ఆగు ఏర్పాటును వదలవలెనని ఆ సంస్థ నిశ్చయించుకొని, తన ఏకశిలను వందలకొలది సూక్ష్మసేవలుగా మార్చుచు, అద్దె యంత్రములమీదికి తరలినది. ఆ తరలింపు 2016 జనవరికి గాని పూర్తి కాలేదు. ఏడు సంవత్సరములు పట్టినదను మాటను పట్టికలు చెప్పవు.

సెగ్మెంట్ అను సంస్థ ఒకచోట సమాచారమును గ్రహించి అనేక ఇతర సంస్థలకు పంపు పని చేయును. మొదట ఒకే వరుస ఉండెను. గమ్యములలో ఒకటి చెడినచో దానికి పంపవలసినవి పేరుకొని తక్కిన గమ్యములకు పోవలసినవియు ఆలస్యమగుచుండెను. కనుక గమ్యమునకు ఒక సేవ, ఒక వరుస ఏర్పరచిరి. సేవలు 140కి మించినవి. కాని అన్నింటిలోను ఉమ్మడిగా వాడు ప్రోగ్రాము భాగములు ఉండెను. వానిలో ఒకటి మారినచో అన్ని సేవలను పరీక్షించి తిరిగి ప్రవేశపెట్టవలసి వచ్చుచుండెను. చివరకు అన్నింటిని ఒకే సేవగా కలిపి, 2018లో ఆ కథను ప్రకటించిరి. మారగల నిర్ణయమును ఒకచోట దాచుటకు బదులు 140 చోట్ల పంచుటయే ఇచట జరిగిన పొరపాటు. పార్నాస్ చూపిన మొదటి విభజనలోని దోషమే ఇది. కలిపిన తరువాత ఒక గమ్యములోని తప్పు అన్నింటిని పడగొట్టగల ప్రమాదము మరల వచ్చినదని కూడ వారు దాచక చెప్పిరి.

అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసారముల నాణ్యతను కనిపెట్టు ఒక సాధనము కలదు. దానిని మొదట విడివిడి భాగములుగా కట్టిరి. దృశ్యములను ఒక భాగము నిల్వలో పెట్టుట, ఇంకొకటి తీసికొని పరీక్షించుట అను పద్ధతిలో, అనుకొన్న భారములో నూటికి 5 వంతుల వద్దనే అది మొరాయించినది. భాగములన్నింటిని ఒకే ప్రోగ్రాములోనికి చేర్చి, దృశ్యములను స్మృతిలోనే అందించునట్లు మార్చగా ఖర్చు నూటికి 90 వంతులకు మించి తగ్గినదని 2023లో ప్రకటించిరి. వెంటనే సూక్ష్మసేవల కాలము తీరినదని కొందరు చాటిరి. అదియు తొందరపాటే. మారినది ఒక్క సాధనము. ప్రైమ్ వీడియో అంతయు కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి: సాధనములోని భాగముల ఏర్పాటు మారలేదు, ప్రోగ్రాము చాలవరకు అదియే వాడబడినది. గదులు ఉన్నవి, వీధి మాత్రము పోయినది. పార్నాస్ 1972లో సూచించిన మందు ఇదియే గదా!

మనుష్యుల లెక్క

అట్లయినచో సూక్ష్మసేవల వలన కలుగు నిజమైన మేలు ఏది? దానికి జవాబు 1968లో మెల్విన్ కాన్వే వ్రాసిన వ్యాసములో దొరకును. ఏ సంస్థ కట్టు వ్యవస్థయైనను ఆ సంస్థలోని మనుష్యులు ఒకరితో ఒకరు మాటలాడుకొను తీరునే పోలియుండునని ఆయన గమనించిరి. ఐదుగురు ఉన్నచోట ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10. ఏబదిమంది ఉన్నచోట 1,225. ఇందరు ఒకే ప్రోగ్రాముపై పనిచేసి, ఒకే దినమున దానిని ప్రవేశపెట్టవలసి వచ్చినచో ఒకరికొఱకు ఒకరు కాచుకొనుటతోనే కాలము గడచును. వారిని చిన్న జట్లుగా చేసి, ప్రతి జట్టునకును సొంతముగా ప్రవేశపెట్టగల ప్రోగ్రామును ఇచ్చినచో ఈ నిరీక్షణ తగ్గును. వీధి దాటుటకు ఇచ్చు ఖరీదు ఈ స్వాతంత్ర్యమునకు వెల.

ఇంకొక మేలు కూడ కలదు. పరీక్షాఫలితములు వెలువడు గంటలో ఫలితము చూపు భాగమునకు మాత్రమే భారము పెరుగును. నమోదు భాగమునకు పెరుగదు. విడిగా ఉన్నచో మొదటిదానికి మాత్రమే ఎక్కువ యంత్రములు ఇవ్వవచ్చును. భాగముల భారములలో ఇట్టి పెద్ద భేదము ఉన్నపుడు విడదీయుట సమంజసము. కాని ఐదుగురు కలసి కట్టు గ్రంథాలయ ప్రోగ్రామునకు ఈ రెండు కారణములును లేవు. అచట సూక్ష్మసేవలు నలుగురున్న ఇంటికి నాలుగు బావుల వంటివి.

తరగతి గదిలో

పైన చెప్పిన రచనలలో ఏదియు ఒక రీతి అన్ని చోట్లను మేలని చెప్పలేదు. పట్టికయే ఆ మాట చెప్పుచున్నది. కనుక ఉపాధ్యాయుడు పట్టికను చెరిపివేయనక్కరలేదు. దానికి ముందు కొన్ని ప్రశ్నలు చేర్చిన చాలును. ఈ ప్రోగ్రాములో రేపు మారగల నిర్ణయములు ఏవి? అవి ఒక్కొక్కటి ఒక్కొక్కచోట దాగియున్నవా? కట్టువారు ఎందరు? భాగముల భారములు సమానమా, అసమానమా? సగము జరిగి సగము ఆగినచో నష్టమెంత? మొదటి రెండు ప్రశ్నలు గదులకు చెందినవి; వానికి జవాబు ఏ రీతిలోనైనను కావలసినదే. తక్కిన మూడు వీధికి చెందినవి. వానికి జవాబు దొరికిన తరువాతనే విడదీయుటను గూర్చి ఆలోచింపవలెను.

ఈ భేదమును గ్రహించుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. పాఠశాల గ్రంథాలయములోని చిట్టా పుస్తకములను విద్యార్థుల ముందుంచి, జరిమానా పద్ధతి మారినచో ఎన్ని పుస్తకములలో దిద్దవలసి వచ్చునో లెక్కింపుమని చెప్పవచ్చును. ఒక్కదానిలో దిద్దిన చాలినచో విభజన మంచిది. నాలుగింటిలో దిద్దవలసినచో చెడ్డది. తరువాత ఆ పుస్తకములను నాలుగు వేరు గదులలో నలుగురి చేతికిచ్చి, చీటీల ద్వారా మాత్రమే మాటలాడుకొని ఒక పుస్తకమును ఎరువీయుమని చెప్పవచ్చును. ఒక చీటీ దారిలో పోయినచో ఏమగునో విద్యార్థులే కనుగొందురు. విభజన మంచిదైనచో గదులు మార్చినను దిద్దుబాటు పెరుగదు; చెడ్డదైనచో గదులు మార్చినను తగ్గదు. చీటీలు మాత్రము పెరుగును.

ఏబది సంవత్సరములకు పూర్వపు చిన్న వ్యాసము ఒకటి నేటి పెద్ద వివాదమునకు ఇంత చక్కగా సరిపోవుట ఆశ్చర్యము కాదు. యంత్రముల వేగము మారినది, ప్రోగ్రాముల పరిమాణము మారినది. మార్పును ఒకచోట బంధింపవలెనను అవసరము మారలేదు. గోడ ఎచట కట్టవలెనో తెలిసినవారు కావలసినపుడు ఆ గోడ దగ్గరనే ఇంటిని విడదీసికొనగలరు. తెలియనివారు వీధినిండ ఇండ్లు కట్టినను ఉమ్మడి సంసారములోని చిక్కులనే వీధిలోనికి తెచ్చుకొందురు.